ఉస్తాద్ చేతి ముద్ద

“నీ గదువ పట్టుకుంటనమ్మా! ఎట్లనన్న జేసి ఇయ్యాల ఆమెను రాకుంట ఆపు.”

తాహేరా నోటివెంట ఆ మాట రాగానే, బగారన్నానికి ఉల్లిగడ్డ వేయిస్తున్న ఖాదర్‌బీ గరిటె అట్లాగే పట్టుకుని కూతురి ముఖంలోకి చూసింది.

“ఆపుడా? తెల్లారంగనే పోయి మీ అబ్బా మాంసం తెచ్చిండు. నర్సింహ కట్టంగూర్ల బస్సెక్కిండంట. ఆ తెల్లామె కారు గీపాటికి ఘట్‌కేసర్ దాటి ఉంటది. ఏం జెప్పి ఆపమంటవ్?”

“నాకు జరమొచ్చిందని చెప్పు.”

“మస్తు చెప్పినవ్! జరమొస్తె ఆమె నీ మంచంకాడికే వస్తది. ఏమైందే నీకు? వారం సంది చూస్తున్న, తేలు కుట్టిన దొంగ లెక్క తిరుగుతున్నవ్. ఆఫీసుల ఎవడన్న ఏమన్న అన్నడా?”

ఉల్లిగడ్డ మాడుతున్న వాసన వచ్చింది. ఖాదర్‌బీ గబుక్కున స్టవ్వు తగ్గించింది. అబద్ధం ఆడటం చేతకాని పిల్లేం కాదు తాహేరా. కాని ఇన్నాళ్ళూ కడుపులో కుక్కిపెట్టుకున్న మాట ఇంక ఆగనంది.

“అమ్మా, సోమారం నాడు మాకు ఆఖరి పరీక్ష. మా జట్టు పాసైతె ఆమె పని పోతది.”

“ఎవలామె?”

“డోరతీ మేడమే. ఆమెదొక్కతిదే కాదు, ఆమె గదిల కూసునేటోళ్ళందరిది. అక్కడ బందు పెట్టి పని మొత్తం సికింద్రాబాదుకు తెస్తరు. ఇక్కడైతె జీతాలు తక్కువ గదా. ఆమెకేమో రాత్రిపూట పని ఒక్కటే మాకిస్తరని చెప్పి, నేర్పుమని పంపిండ్రు. తిరిగి పోయినంక చెప్తరంట.”

“నీకెట్ల ఎరుక?”

“మా మేనేజర్ అమరేందర్ సారు గదిలకు పిలిచి చెప్పిండు. పరీక్ష అయినంక నన్ను జట్టుకు పెద్దను జేస్తరంట. ఆమె చెవుల పడితె మాత్రం కొలువు మరిచిపొమ్మన్నడు.”

“నువ్వేమన్నవ్?”

తాహేరా గోడవైపు తిరిగింది. “సరే సార్ అన్న.”

అమెరికా ఆస్పత్రుల్లో డాక్టర్లు రోగిని చూశాక చెప్పే మాటలను చెవులకు తగిలించుకుని వినడం, విన్నది పొల్లుపోకుండా కంప్యూటర్లో కొట్టడం. ఇదీ తాహేరా పని. రోజూ భువనగిరిలో రైలెక్కి పోయి నేర్చుకున్న పని. ఆ డాక్టర్ల మాట మొదట్లో ఒక్క ముక్క అర్థమై చచ్చేది కాదు. అర్థమయ్యేదాకా పక్కన కూర్చుని, కసరకుండా, విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ వినిపించింది డోరతీ. మందుల పేర్లు పాటలాగా పాడి నోటికి పట్టించింది. ఎవరికీ కొరుకుడు పడని ఒక సర్జన్ గొంతును తాహేరా తప్పు లేకుండా రాసిన రోజున ఆమె లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ సాయంత్రమే అమరేందర్ తాహేరాను గదిలోకి పిలిచాడు.

ఖాదర్‌బీ బియ్యం కడిగిన నీళ్ళు బయట పారబోసి వచ్చింది.

“ఇందుల నీ తప్పేముందే? చౌరస్తాల రెడీమేడ్ దుకాణమొచ్చినంక మీ అబ్బా మిషిన్ మీద దుమ్ము పడుతాంది. ఆ దుకాణపోడొచ్చి ‘చాచా, మీ అన్నం నేను తింటున్న’ అని చెప్పి పోయిండా? లోకం గిట్లనే ఉంటది.”

“ఆ దుకాణపోడు అబ్బా దగ్గర పని నేర్సుకోలేదమ్మా.”

తల్లి కొంగుతో చేతులు తుడుచుకుంటూ గొంతు తగ్గించింది. “మీ అబ్బాకు చెప్పకు. ఆమెను తిననియ్యి, పోనియ్యి. ఈ ఒక్క పూట నోరు కుట్టుకో, నీకు పుణ్యముంటది.”

“నోరు కుట్టుకుంటె ఎట్లమ్మా? ఆయన మాట ఆమెకు, ఆమె మాట ఆయనకు నేనే గద చెప్పాలె!”

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. ఖాదర్‌బీ మళ్ళీ గరిటె అందుకుంది.

అబ్దుల్ ఖాదర్ పెళ్ళికొడుకు తండ్రిలాగా ఉన్నాడు. ఇస్త్రీ పైజామా, కొత్త టోపీ. చింతపండుతో తోమి తళతళలాడించిన ఇత్తడి అంగుస్తాను అరచేతిలో పెట్టుకుని వచ్చాడు. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే ఆ చిన్న తొడుగు ఆయనకు నల్లగొండలో తన ఉస్తాద్ ఇచ్చింది.

“చూడు బేటా! నా వేలికెక్కింది, నర్సింహ వేలికెక్కింది. ఇయ్యాల నీ వేలికి. మీదీ మా పనేనే! మొన్న నీ ఆఫీసుకొచ్చినప్పుడు అద్దంలకెల్లి కండ్లార చూసిన. కాలికింద తొక్కుడు పెట్టుకొని కూసున్నరు అందరు. అమెరికాల గూడ తొక్కుడు మిషినే!”

చెవిలో మాట ఆపడానికీ నడపడానికీ వాళ్ళకు కాలికింద ఒక మీట ఉంటుంది. అది చూసినప్పటినుంచి ఆయన సంతోషానికి పట్టపగ్గాలు లేవు.

ఈ మనిషి పంతం ఆ ఇంటికి కొత్త కాదు. ‘మేడంకు తీరిక లేదంట’ అని కూతురు నెలరోజులు నెట్టుకొస్తే, తనే రైలెక్కి పోయి, ఆఫీసు గేటు దగ్గర నిలబడి, వచ్చినామెకు చేతులు జోడించి, నోటి దగ్గర ముద్ద పెట్టుకున్నట్టు చూపించి దావత్‌కు పిలిచి వచ్చినవాడు. కత్తెర పట్టినవాళ్ళ ఆచారం ఒకటి ఆయన ప్రాణం. పని పూర్తిగా వచ్చిన రోజున ఉస్తాద్ తన చేత్తో, పని నేర్చుకున్న షాగిర్దుకు మొదటి ముద్ద పెడతాడు. ఉస్తాద్ అంగుస్తాను వేలికి పెట్టుకుని, నలుగురి ఎదుట షాగిర్దు మాట ఇస్తాడు. “నువ్వు బతికున్నన్ని దినాలు నీ గిరాకి నాది గాదు. నీ పళ్ళెం దిక్కు నా చెయ్యి పోదు.” ఆ మాట కోసమే అబ్దుల్ ఖాదర్ నల్లగొండ బజారు వదిలి, ముఖం తెలియని భువనగిరికి వచ్చి మిషిన్ వేసుకున్నాడు. ఆ మాట కోసమే ఆయన దగ్గర పని నేర్చుకున్న నర్సింహ ఈ ఊరు వదిలి కట్టంగూర్ పోయాడు.

తండ్రి అంగుస్తానును తాహేరా వేలికి తొడిగాడు. వదులైంది. వేలు మడిచి పట్టుకుంది.

“ఎందుకే గట్ల వణుకుతున్నవ్? ఉస్తాద్ ముందు షాగిర్దు వణకాలె గని, ఇంట్ల అబ్బా ముందు కాదు” అని నవ్వాడు ఆయన.

నర్సింహ సంచినిండా బత్తాయిలతో దిగాడు. వస్తూనే, “వచ్చే ఏడు రెండువేల సంవత్సరం పడంగనే కంప్యూటర్లన్ని బందైతయంటున్నరు గద చెల్లె! ఉన్నన్ని రోజులు మంచిగ సంపాదించుకో” అన్నాడు. అతని వెనకాలే కారు వచ్చి ఆగింది.

డోరతీ పొడగరి. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. గడప దగ్గర అందరి చెప్పులు చూసి తన బూట్లు విప్పింది. భోజనానికి పరిచిన దస్తర్‌ఖాన్ ముందు కింద కూర్చోవడానికి ఆమె మోకాళ్ళు మొరాయిస్తుంటే, ఖాదర్‌బీ దిండు తెచ్చి వేసింది. ఆమె ఖాదర్‌బీ చెయ్యి పట్టుకుని, వచ్చీరాని తెలుగులో “మంచిగుందా?” అంది. ఆ ఒక్క మాటా నేర్పింది తాహేరానే. ఇల్లంతా నవ్వింది. తాహేరా నవ్వలేదు.

“అడుగు బేటా, ఎన్నేండ్ల సంది చేస్తుందో ఈ పని” అన్నాడు అబ్దుల్ ఖాదర్.

అడిగింది. డోరతీ చెప్పింది. “పెళ్ళి కాకముందు నుంచీ చేస్తున్నాను. మా గదిలో ఉన్నవాళ్ళందరికీ నేనే నేర్పాను. ఇంకో పని నాకు రాదు.”

ఆఖరి మాటను తాహేరా వదిలేసింది. “మస్తు దినాల సంది చేస్తుందంట. అందరికీ ఈమెనే నేర్పిందంట” అని ఊరుకుంది.

“అంటె పెద్ద ఉస్తాదే!” అబ్దుల్ ఖాదర్ సర్దుకుని కూర్చుని గొంతు సవరించుకున్నాడు. “ఇట్ల చెప్పు. అమ్మా, నా బిడ్డకు నువ్వు అన్నం పుట్టించే విద్య నేర్పినవ్. నీ రుణం మాతోని తీరేది కాదు. మా ఇంట్ల ఒక కట్టుబాటున్నది. నా బిడ్డ నీ ముంగట మాటిస్తది. నువ్వున్నన్ని దినాలు నీ పళ్ళెం దిక్కు దాని చెయ్యి రాదు. అది తప్పితె నా పెంపకం తప్పినట్టు. చెప్పు.”

తాహేరా ఇంగ్లీషులో అంది. “మా నాన్న మీకు కృతజ్ఞతలు చెప్తున్నారు.”

డోరతీ కళ్ళు పైకెత్తింది. “అంత పొడుగు మాటకు ఇంతేనా అర్థం?”

“ఏమంటుందే?”

“అన్నం మంచిగుందంట అబ్బా.”

“ఇంక ముట్టనే లేదు గదే!”

ఖాదర్‌బీ గబగబా పళ్ళాల్లో అన్నం పెట్టి, దాల్చా గిన్నె ముందుకు జరిపింది. ‘వడ్డించనియ్యి, చల్లారిపోతది’ అంటూ మాట మార్చబోయింది. నర్సింహ మాత్రం ఓపిక పట్టలేకపోయాడు. పాపం, మంచివాడు. చెల్లె సిగ్గుపడి సరిగ్గా చెప్పలేకపోతోందనుకున్నాడు.

“జరుగు చెల్లె, నేను సమజ్ చేయిస్త. దీనికి ఇంగ్లీషెందుకు?”

రెండు వేళ్ళు కత్తెరలాగా ఆడించి తన గుండె మీద తట్టుకున్నాడు. ఉస్తాద్‌ను చూపించి, ఆయన తన నోటికి ముద్ద పెట్టినట్టు నటించి, కాళ్ళకు దండం పెట్టినట్టు వంగాడు. ఉస్తాద్ పళ్ళెం వైపు చెయ్యి చాపి, ఆ చేతిని రెండో చేత్తో ఫట్టున కొట్టి, వద్దు వద్దని తల ఊపాడు. లేచి నిలబడి ఎక్కడో దూరాన ఉన్న కట్టంగూర్ చూపించాడు. తర్వాత తాహేరా వేలికున్న అంగుస్తాను చూపించి, ఆమె చెయ్యిని డోరతీ పళ్ళెం దాకా పోనిచ్చి, ఆ చేతినీ మెల్లగా కొట్టాడు. అబ్దుల్ ఖాదర్ మురిసిపోయి ‘షాబాష్’ అన్నాడు.

మొదట్లో నవ్వుతూ చూసిన డోరతీ, చివరికి వచ్చేసరికి నవ్వడం మానేసింది. అతన్ని చూసి చేసిన అన్నం ముద్ద ఆమె చేతిలోనే ఉంది.

“నేర్చుకున్నవాళ్ళు, నేర్పినవాళ్ళ పని తీసుకోకూడదు. ఇదేనా ఆయన చెప్పింది?”

“అవును” అంది తాహేరా.

“ఇప్పుడు నువ్వు ఆ మాట నాకు ఇవ్వాలి.”

“అవును.”

“ఇవ్వకు తాహేరా. మీ నాన్న ఎదుట వద్దు. నాకు తెలుసు. విమానం ఎక్కకముందే మా పైవాళ్ళు చెప్పారు. నాకు తెలుసని మీ ఆఫీసువాళ్ళకే తెలియదు.”

తాహేరా తలెత్తి ఆమెను చూసింది. తెలుసా? పక్కన కూర్చుని మందుల పేర్లు పాడినప్పుడు తెలుసా? చప్పట్లు కొట్టినప్పుడూ తెలుసా?

“నువ్వెప్పుడు చెప్తావా అని చూశాను” అంది డోరతీ, కోపం లేకుండానే. “నిన్న కూడా చూశాను. నువ్వు నా ముఖం చూడటం మానేశావు. అయినా నిన్ను అనే నోరు నాకెక్కడిది? అక్కడ నా గదిలో ఉన్నవాళ్ళంతా నా శిష్యులే. వాళ్ళకు చెప్పకుండానే వచ్చాను. ఎయిర్‌పోర్టుకు వచ్చి పువ్వులిచ్చి పంపారు.”

ఆమె తిట్టినా బాగుండేది. చెంప మీద కొట్టినా బాగుండేది. అన్నం పెట్టిన చేతిని కరిచిన కుక్కకు కూడా ఇంత శరం ఉండదేమోననిపించింది తాహేరాకు. భూమి చీలితే అందులో కూరుకుపోదామనిపించింది.

“ఏమంటుంది బేటా? ఎందుకు కండ్లల్ల నీళ్ళు పెట్టుకుంది ఆమె?” తండ్రి గొంతులో ఆత్రం.

ఖాదర్‌బీ కూతురి తొడమీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. చెప్పకు అని ఆ చెయ్యి.

తాహేరా ఆ చేతిని పక్కకు తీసింది. “అబ్బా, ఆమె పని పోతాంది. అది నాకే వస్తాంది. సోమారం పరీక్ష పాసైతె అక్కడోళ్ళందరి పని బందు. నాకు ముందే ఎరుక. ఆమెకు చెప్పలే. నీకు చెప్పలే. ఇందాక నేను చెప్పినయి కూడ ఆమె మాటలు కావు. నీ మాటలు ఆమెకు చెప్పలే.”

నర్సింహ తను కొట్టి చూపించిన చేతిని ఒళ్ళో దాచుకున్నాడు.

అబ్దుల్ ఖాదర్ భార్యవైపు చూశాడు. ఆమె తల దించుకుంది. “నీకు గూడ ఎరుకేనా?” అని అడిగాడు. ఆయన చెయ్యి చాపి కూతురి వేలి నుంచి అంగుస్తాను తీసుకున్నాడు. వదులుగా ఉంది కదా, ఇట్టే వచ్చేసింది.

“తిన్నింటి వాసాలు లెక్కపెట్టుడంటరు దీన్ని” అన్నాడు. అరవలేదు. “అన్నం పెడతమని పిలుచుకొచ్చి, అన్నం గుంజుకునేటోళ్ళమా మనం? నేను గేటుకాడ చేతులు జోడించిన. ఆమె ఏమనుకున్నదో ఆ దినం! నర్సింహా, నిన్ను ఊరు దాటించిన నేను. ఏ ముఖం పెట్టుకొని నీ దిక్కు చూడాలె?”

“అట్లనకుండ్రి ఉస్తాద్...”

“ఇల్లెట్ల గడుస్తదో అది గూడ చెప్పుండ్రి మరి!” ఖాదర్‌బీ ఇంక ఆగలేకపోయింది. “కట్టుబాటు కడుపు నింపుతదా? కిరాయి ఎవరు కడ్తున్నరు గీ ఇంటికి? దాని జీతం గాదా? మీ మందులు?”

ఆయన ముఖం నల్లబడింది. నర్సింహ ఎదుట, పరాయి దేశపు ఆడమనిషి ఎదుట, తన ఇల్లు బిడ్డ సంపాదనతో నడుస్తోందని భార్య నోటివెంట రావడం ఆయనకు చావుతో సమానం. అయినా మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు.

“పస్తులుందం. తాహేరా, ఆమెకు చెప్పు. నా బిడ్డ సోమారం నాడు పోదు. పరీక్ష రాయది. ఒక్క ముక్క పోకుంట చెప్పు.”

తాహేరా చెప్పింది. ఈసారి ఒక్క ముక్క పోకుండా చెప్పింది.

డోరతీ అదిరిపడింది. “వద్దు, వద్దు! నువ్వు వెళ్ళాలి. నీ జట్టులో అందరికంటే నువ్వే బాగా చేస్తావు. నువ్వు రాకపోతే జట్టు తప్పుతుంది. జట్టు పాసైతేనే, పని పోయినందుకు ఇచ్చే చివరి జీతాలు నాకు ఇస్తామన్నారు. నా భర్త మంచం పట్టి ఉన్నాడు తాహేరా. పని ఎలాగూ పోతుంది. మీరు కాకపోతే ఇంకో దేశం వాళ్ళకు ఇస్తారు. ఆ డబ్బన్నా నన్ను తీసుకుపోనివ్వు. మీ నాన్నకు చెప్పు. దయచేసి చెప్పు.”

“ఏమన్నది?”

తాహేరా నోరు తెరిచింది. ఏ మాటైతే ఈ ఇంటిని నిలబెడుతుందో, ఏ మాటైతే తనకు కావాలో, ఆ మాటే ఆమె నోటివెంట వచ్చింది. ఇన్నాళ్ళకు ఒక నిజం తన పక్షాన నిలబడింది.

“నన్ను పొమ్మంటుంది అబ్బా. నేను రాయకుంటె ఆమెకు రావలసింది గూడ రాదంట. ఆమె పెనిమిటి మంచంల ఉన్నడంట. పాసు కమ్మంటుంది, నీకు చెప్పుమంటుంది.”

అబ్దుల్ ఖాదర్ చాలాసేపు కూతురి కళ్ళలోకి చూశాడు. నర్సింహను చూశాడు. అతను తల అడ్డంగా ఊపాడు, నాకేం తెలుస్తది ఉస్తాద్ అన్నట్టు. ఆ ఇంట్లో ఆ భాష వచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఏం జరుగుతోందో అర్థంకాని డోరతీ, చేతిలో చల్లారిపోయిన ముద్దను తాహేరా పెదవుల దాకా చాపింది. తినమని తల ఊపింది.

తాహేరా నోరు తెరవబోయింది. తండ్రి గొంతు అడ్డం వచ్చింది.

“గిది ఆమె మాటనా, నీ మాటనా?”